అంటు కింది చిగుళ్లు

భానోజీని అమ్మేసిన ఏడాది రాజమండ్రి ఇండోర్ స్టేడియంలో బాస్కెట్‌బాల్‌ని కుర్చీలే చూశాయి, మనుషులు రాలేదు. అంతకుముందు ఎనిమిది వేల మంది గొంతులు చించుకున్న చోటికి మూడు వారాలు తిరిగేసరికి మూడు వేల మంది కూడా రావడం మానేశారు. వచ్చినవాళ్లలో సగం మంది ఏసీ చల్లదనం కోసం వచ్చినవాళ్లే. నిజం చెప్పాలంటే పులసలు జట్టు ఆ ఏడాది భానోజీ ఉన్నప్పటికంటే నాలుగు మ్యాచ్‌లు ఎక్కువే గెలిచింది. జనం గెలుపు కోసం వస్తారనుకోవడం జట్టు నడిపేవాళ్ల అమాయకత్వం. జనం ఒక మనిషి కోసం వస్తారు. ఆ మనిషి వేరే ఊరి బస్సెక్కితే ఇంట్లో కూర్చుని టీవీ కూడా కట్టేస్తారు.

ఈ సంగతి నూకరత్నానికి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలీదు. ఆమె ఉద్యోగమే అది. మెదడు శాస్త్రంలో పెద్ద చదువు చదివి, ఎక్కడెక్కడో పనిచేసి, సొంతూరి జట్టు పిలిస్తే వచ్చింది. స్టేడియం మెట్ల కింద, డ్రెస్సింగ్ రూముల పక్కన, కిటికీ లేని గది ఆమెది. పైన ఒక్కో కుర్చీ వెన్నులో అరచేయంత పలక ఒకటి అమర్చి ఉంటుంది. కూర్చున్న మనిషి ఎవర్ని చూసి పొంగిపోతున్నాడో, ఎవరు కిందపడితే లోపల ఎక్కడ కలుక్కుమంటోందో, ఆ పలక రత్నం గదిలోని తెరమీద గీతగా గీస్తుంది. మ్యాచ్ జరిగినంతసేపూ ఆమె ఆ గీతలే చూస్తుంది. పైన జరిగే ఆట ఆమె ఏనాడూ చూడలేదు. తమ్ముడు ఆడే ఆట కూడా.

అవును, తమ్ముడే. భానోజీ తర్వాత పులసలు జట్టుకి మళ్లీ ప్రాణం పోసినవాడు లోవరాజు. ఆరడుగుల తొమ్మిదంగుళాల మనిషి. కడియం నర్సరీల్లో కొబ్బరి మొక్కల మధ్య పెరిగాడు కాబట్టి వాటితో పోటీపడి పొడుగయ్యాడని ఊళ్లో వేళాకోళం. వాడు బంతి పట్టుకుంటే చాలు, రత్నం తెరమీద ఎనిమిది వేల గీతలు ఒక్కసారిగా లేచేవి.

అలాంటి లోవని అమ్మేస్తున్నామని జట్టు మేనేజర్ ఉమాపతి ఒక సోమవారం పొద్దున్నే ఆమె గదికొచ్చి చెప్పాడు.

"పుణె వాళ్లకండి. బదులుగా జోబిన్ అని కేరళ కుర్రాణ్ణి ఇస్తున్నారు. లోవ మోకాలు ఇంకో రెండేళ్లకు మించి ఉండదంటున్నారు డాక్టర్లు. ఇప్పుడు కాకపోతే ఎప్పుడూ కాదు." ఆమె ముఖం చూసి గొంతు తగ్గించాడు. "మీ తమ్ముడని నాకు తెలీదా రత్నం గారూ? కానీ భానోజీ అప్పుడు జరిగింది మళ్లీ జరిగితే జట్టు మూసేసుకోవడమే. నూట ఎనభై మంది బతుకుతున్నారండి దీనిమీద. మీ యంత్రం ఒక్కటే దారి."

రత్నం తెర ఆర్పేసింది. ఆ తర్వాత "ఎన్ని మ్యాచ్‌లు టైముంది?" అని అడిగింది.

ఆ యంత్రం పుట్టుక గురించి కాస్త చెప్పాలి. రత్నం తల్లి మంగతాయారు మామిడి అంటు కట్టడంలో కడియం చుట్టుపక్కల పేరు మోసిన మనిషి. టెంక మొక్కని కోసి, పైన మంచి రకం పుల్లని గుచ్చి, ప్లాస్టిక్ రిబ్బనుతో ఆవిడ చుట్టిన చుట్టు ఒక్కటీ ఎండిపోయేది కాదు. రత్నం చిన్నప్పుడు సెలవుల్లో తల్లి పక్కన కూర్చుని రిబ్బన్లు అందించేది. పెద్దయ్యాక, మనిషికి ఒకరిమీద ఇష్టాన్ని కొత్తగా పుట్టించడం ఎవరి తరమూ కాదని, ఉన్నదాన్ని ఒకరి మీంచి ఇంకొకరి మీదికి కదపడం మాత్రం సాధ్యమేనని ఆమె కనిపెట్టినప్పుడు, దానికి అంటు అనే పేరు పెట్టింది. కుర్చీలోని పలక చదవడమే కాదు, మెదడుని మెల్లగా తట్టగలదు కూడా. పాత ఆటగాణ్ణి చూసి మనసు పొంగిన క్షణాలు భద్రం చేసుకుని, కొత్త ఆటగాడు బంతి వేసినప్పుడు సరిగ్గా అవే తట్లు తడుతుంది.

కొద్దిమంది మీద మొదటిసారి చేసి చూసినప్పుడు ఆ అంటు నాలుగు రోజులే నిలిచింది. ఐదో రోజుకి మనుషులు మళ్లీ పాతవాడి పేరే కలవరించారు. రత్నం తలపట్టుకుంటే మంగతాయారు భోజనాల దగ్గర నవ్వింది.

"అంటు బతికిందని సంబరపడిపోతే ఎలాగే? కింద మొక్కకి దాని చిగుళ్లు దానికుంటాయి. అయ్యి ఎప్పటికప్పుడు గిల్లెయ్యాలి. లేపోతే బలవంతా అయ్యే లాగేసుకుంటాయి, పైన నువ్వు కట్టింది ఎండిపోద్ది."

రత్నం చెయ్యి కూడా సరిగా కడుక్కోకుండా గదికి పరిగెత్తింది. యంత్రానికి గిల్లడం నేర్పింది. పాత ఆటగాడి పేరుతో, ముఖంతో ముడిపడి మనసులో ఏది చిగురించినా దాన్ని అక్కడికక్కడే తుంచెయ్యాలి, అంతే. ఏ చిగురు దేనిదన్న విచక్షణ నర్సరీలో అక్కర్లేదు. అంటు కింద ఏదొచ్చినా గిల్లెయ్యడమే పద్ధతి. ఆమె వేళ్లకి చిన్నప్పట్నుంచీ అలవాటైన పని అది.

గేటు దగ్గర టికెట్లు చించే గంగాధరం తనంతట తానే పరీక్షకి కూర్చున్నాడు. భానోజీ పేరు చెబితే అప్పటికింకా కళ్లనీళ్లు పెట్టుకునే మనిషి. లోవ ఆడిన మూడు మ్యాచ్‌లు ఆ కుర్చీలో కూర్చుని చూశాక భానోజీ వీడియో చూపిస్తే ఆవలించాడు. లోవ వీడియో పెట్టగానే లేచి నిలబడ్డాడు.

"భలేగుందండి బాబూ, కడుపులో రాయి తీసేసినట్టుంది!" అన్నాడు.

"మరి మీ వెనకాలే తిరిగే కుక్కేదండీ?" అని రత్నం ఊరికే అడిగింది. ఆ కుక్కకి గంగాధరం భానోజీ అనే పేరు పెట్టుకున్నాడు. రోజూ తన క్యారేజీలోంచి సగం దానికే పెట్టేవాడు.

"ఏమోనండి, తోలేశాను. ఎందుకో మరి, చూడాలనిపించలేదు."

రత్నం నవ్వేసి అతని చేత కాగితం మీద వేలిముద్ర వేయించుకుంది. ఆ రోజు ఆమె నవ్వకుండా ఉండాల్సింది.

లోవ అమ్మకం సంగతి ఇంట్లో తెలిసిన రోజు మంగతాయారు పొయ్యి వెలిగించలేదు. "మడిసిని అమ్మడవేంటే? ఆడేవన్నా గేదా?" అని ఉమాపతిని, జట్టుని, పుణె ఊరిని కలిపి తిట్టింది. లోవ నేలమీద కూర్చుని తల్లి ఒళ్లో తల పెట్టుకున్నాడు. అంత పొడుగు మనిషి కాళ్లు గుమ్మం దాటి వరండాలోకి వచ్చాయి.

"ఆటలో ఇదంతా మామూలేనమ్మా. రెండేళ్లు ఆడి వచ్చేస్తాను," అని తల్లికి చెప్పి, అక్క వైపు తిరిగాడు. "నేను వెళ్లిపోతే జనం ఏడుస్తారంటావా అక్కా? భానోజీ అన్నకి ఏడ్చారు. నాకు అంతకంటే ఎక్కువ ఏడవాలి."

ఆ మాటల్లో గర్వం లేకపోలేదు. రత్నం మాత్రం వాడి కళ్లలోకి చూడలేక, చార్జింగ్ పెట్టిన ఫోన్ తీసి మళ్లీ పెట్టింది.

పని ఆరు మ్యాచ్‌ల్లో పూర్తయింది. లోవ ఆడిన చివరి మూడు మ్యాచ్‌ల్లో జనం పొంగులన్నీ భద్రం చేసింది. జోబిన్ ఆడిన మొదటి మూడింట్లో, ఆట ముగింపుకొచ్చి అందరి గుండెలూ గొంతులో కొట్టుకునే చివరి పావులో, అంటు కట్టింది, గిల్లింది. టికెట్టు వెనక చీమ తలకాయంత అక్షరాల్లో 'ప్రేక్షకుల అనుభూతిని మెరుగుపరిచే సాధనాలు వాడబడును' అని ఉమాపతి అచ్చు వేయించాడు. అది ఎవరూ చదవలేదు, చదివించాలని ఎవరూ అనుకోలేదు.

తల్లి విషయంలో మాత్రం రత్నం జాగ్రత్తపడింది. ముందు వరుసలో ఏడో కుర్చీ మంగతాయారుది, ఆటగాళ్ల కుటుంబాల కోసం కేటాయించింది. లోవ పుణె వెళ్లాక కూడా అక్క ఉద్యోగం పుణ్యమా అని ఆ కుర్చీ ఆవిడకే ఉంది. ఆ ఏడో కుర్చీ పలకకి రత్నం తన చేత్తోనే కరెంటు తీసేసింది. ఒకటికి రెండుసార్లు పరీక్షించింది కూడా.

జోబిన్ మొదటి నెలలో ఒక్క కుర్చీ ఖాళీ కాలేదు. మొదట్లో కొత్తవాణ్ణి చూద్దామని వచ్చినా, నాలుగో మ్యాచ్ నుంచి టికెట్లు దొరక్క జనం గేటు దగ్గర తోపులాడుకున్నారు. ఉమాపతి స్వీట్లు పంచాడు. లీగ్ పెద్దలు హైదరాబాదు నుంచి వచ్చి కూర్చుంటే రత్నం వాళ్లకి తెరమీద ఒక గీత చూపించింది.

"పన్నెండో వరుస, ఇరవై రెండో కుర్చీ. మూడేళ్ల రికార్డుల్లో ఇంత బలమైన ఇష్టాన్ని నేను చూడలేదు. మామూలు అభిమాని కంటే ఇరవై రెట్లు. ఇంత ఇష్టం కూడా చెక్కుచెదరకుండా జోబిన్ మీదికి మారింది. అన్నిటికంటే చక్కగా పట్టిన అంటు ఇదే."

పెద్దలు చప్పట్లు కొట్టారు. ఎవరో ఒకాయన, ఆ కుర్చీలో కూర్చునేది ఎవరో పిచ్చి ప్రేమికురాలై ఉంటుందని జోక్ వేశాడు. రత్నం కూడా నవ్వింది. కుర్చీల నెంబర్లే తప్ప మనుషుల పేర్లు తన దగ్గర ఉండవని గర్వంగా చెప్పుకుంది. ఎవరి గుట్టూ బయటపడకుండా ఆమె పెట్టుకున్న నియమం అది.

ఇంట్లో తేడా మెల్లగా కనబడింది. కనబడినా రత్నం దానికి వేరే పేర్లు పెట్టుకుంది. తల్లి మందకొడిగా ఉంటే బెంగ అనుకుంది. లోవ ఫోన్ మోగి మోగి ఆగిపోతుంటే వినపడలేదేమో అనుకుంది.

"అమ్మా, తమ్ముడు నాలుగు రోజుల్నుంచి చేస్తున్నాడట. ఎత్తట్లేదంట?"

"చూశానే. తర్వాత చేద్దారిలే అనుకున్నాను. పనిలో పడి మర్చిపోతన్నాను."

ఒకప్పుడు లోవ చీలమండ బెణికితే తలుపులమ్మకి మొక్కుకుని, తగ్గేదాకా ఒంటిపూట తిన్న మనిషి. పుణెలో వాడి వేలు విరిగిందని టీవీలో చెబుతుంటే, చిక్కుళ్లకి ఈనెలు తీస్తూ తలెత్తి చూసి, "డాక్టర్లుంటారు కదా," అంది. మళ్లీ చిక్కుళ్లలో పడిపోయింది.  దాన్ని కూడా రత్నం తల్లి వయసు కింద జమకట్టేసింది. మనసు ఒప్పుకోని విషయాన్ని చదువుకున్నవాళ్లు ఎంత దూరమైనా తోసేయగలరు.

ఆదివారం మధ్యాహ్నం మంగతాయారు వంటింట్లో చేపల పులుసు పెడుతోంది. పెద్ద గిన్నెతో. నిన్న మ్యాచ్ అయ్యాక తనే పిలిచిందట, జోబిన్ భోజనానికి వస్తున్నాడు.

"ఆ పిల్లోడికి మన కారం పడద్దో లేదో అని బెంగగా ఉందే. రాత్రంతా అదే ఆలోచన. ఇక్కడ ఆడికెవరున్నారు చెప్పు? నిన్న ఆడు కింద పడ్డప్పుడు నా ప్రాణం పోయిందనుకో. పైన కూచుని అరిచీ అరిచీ గొంతు పోయింది."

రత్నం నీళ్లు తాగుతున్నదల్లా ఆగింది. "పైనేంటి? నీ కుర్చీ కింద ముందు వరుసలో కదా?"

"ఇంటర్వెల్ దాకానే అక్కడ. ఆ తర్వాత నేనెప్పుడు కింద కూచున్నానే? కింద అంతా పెద్దోళ్లు, నోరెత్తడానికుండదు. మన కడియం ఆడోళ్లందరూ పైన కూచుంటారు, నాకూ ఓ కుర్చీ పట్టి ఉంచుతారు, నేనూ అక్కడికే పోతాను. మూడేళ్ల నుంచీ అంతే. నీకు తెలీదేంటి?"

"ఎక్కడ పైన?"

"స్తంభం పక్కన. పన్నెండో వరస. అదేదో ఇరవై రెండో కుర్చీ."

గ్లాసు రత్నం చేతిలోనే ఉంది. ఆమె దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే నిలబడింది. గదికి వెళ్లి రికార్డులు తెరవాల్సిన అవసరం లేదు. ఆ గీత ఆమెకి కంఠతా వచ్చు. ఇరవై మంది పెద్దమనుషుల ముందు నిలబడి, కర్రతో చూపించి మరీ పొగిడిన గీత అది. అభిమానమని ఆమె పేరు పెట్టింది తన తల్లి కన్నప్రేమకి. చిగురని చెప్పి గిల్లింది కూడా దాన్నే.

లోవకి తెలుసు తల్లి ఎక్కడ కూర్చుంటుందో. బంతి వేసిన ప్రతిసారీ వాడు స్తంభం వైపు వేలెత్తి చూపించేవాడట. స్టేడియంలో ఎనిమిది వేల మందికీ తెలుసు. కింద కిటికీ లేని గదిలో కూర్చున్న అక్కకి ఒక్కదానికే తెలీదు. ఒక్కటంటే ఒక్క మ్యాచ్ తల్లి పక్కన కూర్చుని చూసి ఉంటే చాలు, ఇదంతా జరిగేది కాదు. 

"అమ్మా, లోవని తలుచుకుంటే నీకేమనిపిస్తుంది?" అని ఆ సాయంత్రం అడిగింది, జోబిన్ తిని వెళ్లాక.

 అబద్ధం చెప్పడం మంగతాయారుకి చేతకాదు.

"ఏమోనే. నాకూ తెలీట్లేదు. ఆడు నా కొడుకేనని తెలుసు. పురుడొచ్చిన రోజు కూడా గుర్తుంది, పెద్ద వాన, మీ నాన్న తడిసిపోయి వచ్చాడు. అన్నీ గుర్తున్నాయి. కానీ పక్కింటావిడ వాళ్లబ్బాయి గురించి చెప్తే విన్నట్టుంది." గొంతు తగ్గించింది. "ఇది తప్పు కదే? నాకేదన్నా జబ్బు చేసిందంటావా?"

రత్నం అప్పుడు చెప్పేసింది. ఏడుస్తూ, మధ్యలో ఆగుతూ, మొత్తం చెప్పేసింది. మంగతాయారు తిట్టలేదు.  లేచి ఎంగిలి కంచాలు తీసింది. తిట్టి ఉంటే బాగుండునని రత్నానికి అనిపించింది.

మర్నాడు ఆమె ఉమాపతి గదిలో నిలబడి యంత్రం ఆపెయ్యమంది. మనుషుల బతుకుల్లో ఒక ఆటగాడి పేరు ఎక్కడెక్కడ అల్లుకుని ఉంటుందో తను ఆలోచించలేదని, ఎవరి పెళ్లిచూపులు లోవ మ్యాచ్‌లో జరిగాయో, ఎవరి చనిపోయిన తండ్రి లోవ బొమ్మ ఉన్న చొక్కా తొడుక్కునేవాడో తెలీకుండా అన్నీ గిల్లేశానని చెప్పింది.

"ఎవరన్నా వచ్చి ఫిర్యాదు చేశారాండి?" అన్నాడు ఉమాపతి. "చెయ్యరు. పోయిందని తెలిస్తే కదా చేసేది. కుర్చీలు నిండాయి రత్నం గారూ, ఇంకో నాలుగు జట్లు మన యంత్రం అడుగుతున్నాయి. మీరు కొన్నాళ్లు సెలవు పెట్టండి."

ఆమె సెలవు పెట్టలేదు. గిల్లే భాగాన్ని యంత్రంలోంచి చెరిపేసి, ఒక కుర్చీని, ఒక పలకని కారులో వేసుకుని ఇంటికొచ్చింది. రాజీనామా తర్వాత పంపింది. గిల్లేసినవి వాటంతటవి మళ్లీ రావు కానీ, కదిపినదాన్ని వెనక్కి కదపడం సాధ్యమే. తల్లి పొంగులన్నీ ఆమె దగ్గర భద్రంగా ఉన్నాయి. మూడుసార్లు కూర్చోబెడితే చాలు. జోబిన్ మీద ఉన్నది లోవ మీదికి తిరిగి వస్తుంది. అయితే లోవ ఎదురుగా ఉండాలి. వీడియోతో అయ్యే పని కాదు.

జనవరిలో పుణె జట్టు రాజమండ్రి వచ్చింది. ఆ రోజు రత్నం జీవితంలో మొదటిసారి టికెట్టు కొనుక్కుని, పన్నెండో వరుసలో తల్లి పక్కన కూర్చుంది. తమ్ముడి ఆట ఎలా ఉంటుందో ఆమెకి అప్పుడు తెలిసింది. అంత పెద్ద ఒళ్లు అంత తేలిగ్గా ఎలా లేస్తుందో ఆమెకి అర్థం కాలేదు. వేలు విరిగిన చేత్తోనే లోవ ముప్పై పాయింట్లు చేశాడు. బంతి వలలో పడిన ప్రతిసారీ స్టేడియంలో కొందరు మర్యాదకి చప్పట్లు కొట్టారు. ఏ ఊరి ఆటగాడికైనా కొట్టే చప్పట్లే అవి. నాలుగు నెలల కిందట తన పేరుతో ఊగిపోయిన జనం వైపు లోవ అయోమయంగా చూశాడు. తర్వాత అలవాటు కొద్దీ స్తంభం వైపు వేలెత్తాడు.

మంగతాయారు ఆ సమయంలో జోబిన్ చెమట తుడుచుకోవడం చూస్తోంది. రత్నం మోచేత్తో పొడిస్తే ఇటు తిరిగి లోవకి చెయ్యూపింది. నవ్వింది కూడా. ఆ నవ్వు చూసి వాడు వేలు దించేశాడు. ఆ తర్వాత మిగిలిన ఆటలో ఒక్క బంతి కూడా వెయ్యలేదు.

మర్నాడు పొద్దున్న లోవ ఇంటికొచ్చాడు. రత్నం వాణ్ణి వరండాలో కూర్చోబెట్టి అంతా చెప్పింది. వాడు కోపంతో లేచి పిట్టగోడని తన్నాడు. కాసేపటికి కూర్చుని, "వెనక్కి తేగలవు కదా?" అన్నాడు. ఇరవై నాలుగేళ్లవాడు అడిగినట్టు లేదది.

"తేగలను. అందుకే నిన్ను రమ్మన్నది."

"అయితే తే. ఇప్పుడే."

ముందుగదిలో కుర్చీ సిద్ధంగా ఉంది. లోవ ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు. మోకాళ్లు దాదాపు గడ్డానికి తగులుతున్నాయి. రత్నం ఈసారి తప్పు చెయ్యదల్చుకోలేదు. పెద్ద అక్షరాలతో కాగితం రాసింది. ఏం తీస్తామో, ఎక్కడ పెడతామో, ఏం మిగలదో, అన్నీ అందులో రాసింది. తల్లి పక్కన కూర్చుని ఒక్కో ముక్కా చదివి వినిపించింది.

మంగతాయారు శ్రద్ధగా విన్నది. పెన్ను తీసుకుంది. కాగితం మీద ఆనించింది కూడా. మళ్లీ ఎత్తేసింది.

"అయితే జోబిన్ మీద ఇప్పుడు నాకున్నది పోద్దన్నమాట."

"పోతుందమ్మా. అది నీది కాదు. నేను కట్టింది."

"ఎవరు కడితేనేంటే, ఇప్పుడు నా లోపలే కదా ఉంది." పెన్ను పక్కన పెట్టింది. "ఆ పిల్లోడు నన్ను అమ్మా అంటన్నాడు. ఆడికి జొరం వస్తే నాకు నిద్ర పట్టట్లేదు. నువ్వు ఆణ్ణి నాలోంచి తీసేస్తానంటన్నావు. తీసేశాక నాకేవీ అనిపించదంటన్నావు. అదే కదే నాకు భయం. ఒక బిడ్డని తీసెయ్యమని ఏ తల్లి సంతకం పెడద్దే?"

"లోవ నీ కడుపున పుట్టినవాడమ్మా!"

"తెలుసే. ఆడికి అన్యాయం జరిగిందని తెలుసు. ఎదురుగా కూచుని ఏడుస్తుంటే చూడలేకపోతన్నాను, ఎవరు ఏడ్చినా చూడలేను. కానీ నా చేత్తో నేను ఇంకో బిడ్డని చంపుకోలేను." కూతురి ముఖం లోకి సూటిగా చూసింది. ఇన్ని రోజుల్లో మొదటిసారి ఆవిడ గొంతులో కోపం వినిపించింది. "ఈవేళ కాయితం పట్టుకొచ్చి అడుగుతున్నావు, బాగానే ఉంది. ఆవేళ లోవని తియ్యబోయే ముందు ఒక్క మాట అడిగుంటే, ఆడి గురించి కూడా సరిగ్గా ఇదే చెప్పేదాన్ని కదే!"

 బయట నర్సరీ లారీ ఏదో గేరు మార్చుకుంటూ వెళ్లింది. లోవ స్టూలు మీంచి లేచి, తల్లి ముందున్న కాగితాన్ని తీసి నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"పెట్టొద్దులే అమ్మా," అన్నాడు. "నీకిష్టం లేనిది వద్దు."

మంగతాయారు వాడికి భోజనం వడ్డించింది. కొసరి కొసరి వడ్డించింది, మజ్జిగలో ఉప్పు సరిపోయిందా అని అడిగింది. ఇంటికొచ్చిన ఎవరికైనా ఆవిడ అలాగే వడ్డిస్తుంది. గేటు దాకా వచ్చి, "జాగ్రత్తగా వెళ్లు బాబూ, వేలు చూపించుకో," అని చెప్పి, కారు కదలకముందే లోపలికి వెళ్లిపోయింది.

మధురపూడి విమానాశ్రయం దాకా రత్నమే కారు నడిపింది. లోవ సీటు మొత్తం వెనక్కి జరిపినా కాళ్లు పట్టక అద్దానికి తల ఆనించి కూర్చున్నాడు. రోడ్డు పక్కన హోర్డింగుల మీద జోబిన్ నవ్వుతున్నాడు. దారి సగం అయ్యాక అడిగాడు.

"అక్కా, నాలోంచి కూడా తీసెయ్యగలవా? అమ్మని."

రత్నం బ్రేకు మీద కాలు పెట్టింది.  "తియ్యగలను," అంది, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"అప్పుడు నొప్పి ఉండదు కదా?"

"ఉండదు."

వాడు కళ్లు మూసుకున్నాడు. చెంపల మీద నీళ్లు కారిపోతున్నా తుడుచుకోలేదు. రత్నం కారు పక్కకి తీసి ఆపేసింది. వాడు కావాలంటే చేసేస్తానని, ఏం కావాలన్నా చేస్తానని చెప్పాలనుకుంది. వాడే ముందు తల అడ్డంగా ఊపాడు.

"వద్దులే. ఇద్దరిలో ఒకరికైనా ఉండాలి కదా," అన్నాడు లోవ. "కారు పోనీ అక్కా, ఫ్లైటు టైమవుతోంది."